పక్షి కక్కిన నూనెలో మంచు చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

సముద్ర పక్షుల కక్కునూ ఎముకలనూ పట్టుకుని ధ్రువాల మంచు లెక్కలు తేల్చడం దండగమారి పని అని ఇటీవల మీ పాఠకుల పేజీలో ఒకరు రాశారు. ఆ లేఖలో చమత్కారానికి లోటు లేదు. ఆ పని ఎలా జరుగుతుందో మాత్రం ఒక్క ముక్క లేదు.

అంటార్కిటికా చుట్టూ గడ్డకట్టే సముద్రాన్ని ఉపగ్రహాలు క్రమం తప్పకుండా కొలవడం 1978 చివర్లో మొదలైంది. 2023 ఫిబ్రవరిలో ఆ మంచు సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. అంతవరకూ ఉన్న ఉపగ్రహ లెక్కల్లో అదే అతి తక్కువ. అంతకుముందు వేల ఏళ్లలో ఇలా ఎప్పుడైనా జరిగిందా? ఇంత చిన్న చిట్టా చూసి చెప్పలేం. పైగా సముద్రపు మంచు కరిగితే నీళ్లలో కలిసిపోతుంది, ఆనవాలు దొరకడం కష్టం.

ఇక్కడే మంచు పెట్రెల్ అక్కరకొస్తుంది. పావురమంత తెల్లని పక్షి. మేత సముద్రపు మంచు మధ్య. గూడు రాతి సందుల్లో, ఒక్కోసారి తీరానికి వందల కిలోమీటర్లు లోపల. గూటి జోలికి వస్తే కడుపులోని నూనెను మీదికి చిమ్ముతుంది. ఆ చలికి, పొడిగాలికి నూనె కుళ్లిపోకుండా మైనంలా గట్టిపడి, తరతరాలుగా పొర మీద పొర పేరుకుంటుంది. పొర వయసును రేడియోకార్బన్ పద్ధతిలో, అంటే అందులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి కడతారు. అక్కడి సముద్రంలో పాత కార్బన్ కలిసి ఉండటంతో వయసు ఎక్కువగా కనిపిస్తుంది, కనుక దాన్ని సరిచేయాలి. నూనెలోని కొవ్వు ఆమ్లాలను బట్టి పక్షి తిన్నది చేపలా, క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవులా అన్నది పసిగడతారు. తిండిని బట్టి అది తీరం దగ్గర మేసిందా, దూరంగా మేసిందా అని అంచనా వేస్తారు. మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి ఉన్న క్వీన్ మాడ్ లాండ్ కొండల్లోనే 20 వేల ఏళ్లు దాటిన పొరలు దొరికాయి. అంటే హిమయుగం ముదిరిన రోజుల్లో కూడా ఆ పక్షి ఎగిరి వెళ్లగలిగేంత దూరంలో, మంచు మధ్య ఎక్కడో నీళ్లు తెరుచుకుని ఉండేవన్నమాట. అప్పటి మంచును లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు ఈ సాక్ష్యానికి సరితూగుతాయో లేదో చూసుకోవచ్చు. ఇది దండగెలా అవుతుంది?

పెంగ్విన్ల రెట్ట కలిసిన చెరువు మట్టిని పరీక్షించి, అంటార్కిటికా పక్కనున్న ఆర్డ్‌లీ దీవిలో 3,000 ఏళ్ల పాటు వాటి సంఖ్య ఎలా పెరిగి తగ్గిందో 2000లో చైనా శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అది చదివినప్పుడు నాకు మన ఉప్పలపాడు, కొల్లేరు గుర్తొచ్చాయి. గూడబాతులు, కొంగలు ఏటా వాలే చోట్ల అడుగు మట్టిలో ఏముందో మనం చూశామా? పూడికతీత అనగానే పొక్లెయిన్లు దిగుతాయి, మట్టి టిప్పర్లలో వెళ్లిపోతుంది. పదేపదే తవ్విన చెరువులో పొరలు కలగాపులగమై ఉంటాయి, అక్కడ ఆశ తక్కువే. కదలని అడుగు మిగిలిన చోటైనా, పని మొదలుపెట్టే ముందు గొట్టం దింపి నిలువునా ఒక మట్టి నమూనా తీసి, మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కడైనా చల్లగా భద్రపరచాలి. గుంటూరు, ఏలూరు జిల్లాల అధికారులు పూడికతీత టెండర్లలో ఈ ఒక్క షరతు చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు