వెల్డింగ్ మిషన్ కెపాసిటర్ మార్చేవాళ్ళు ఒక్క నిమిషం

అన్నలూ, నిన్న మన షాప్‌కి ఒక ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ వచ్చింది, 200 ఆంప్స్‌ది, రాడ్ అంటించగానే ఆర్క్ ఆగిపోతోంది అన్నారు, విప్పి చూస్తే 470 మైక్రోఫారడ్ 400 వోల్ట్ కెపాసిటర్లలో (కరెంటు ఛార్జ్ నిల్వ ఉంచే డబ్బాలు) రెండు పైన ఉబ్బి ఉన్నాయి. మార్చడం పెద్ద పనేం కాదు గానీ దయచేసి ఒకటి వినండి, ప్లగ్ పీకేశాం కదా అని చెయ్యి పెట్టొద్దు, 230 వోల్ట్ సప్లై రెక్టిఫై అయ్యాక, అంటే ఏసీ కాస్తా డీసీగా మారాక, లోపల 325 వోల్ట్ డీసీ దాకా ఉంటది, ప్లగ్ తీశాక కూడా చాలాసేపు నిలిచే ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ కొట్టే అలవాటు మానెయ్యండి, బోర్డు పోద్ది, కళ్ళల్లో నిప్పురవ్వలు పడతాయి. పాత 100 వాట్ల బల్బుకి వైర్లు కట్టి, వాటిని కెపాసిటర్ కాళ్ళకి తాకించి డిశ్చార్జ్ చేసి (లోపలి ఛార్జ్ ఖాళీ చేసి), మల్టీమీటర్‌లో దాదాపు సున్నా చూశాకే సోల్డర్ పట్టండి.

ఉబ్బింది ఒక్కటే అయినా సెట్ మొత్తం ఒకే కంపెనీవి, 105 డిగ్రీల వేడి తట్టుకునేవి వెయ్యండి. వోల్టేజ్ తక్కువది వద్దే వద్దు. కెపాసిటర్ మీద మైనస్ గీత చూసుకోండి, తిరగేస్తే పేలుద్ది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు (సప్లై వైర్ మధ్యలో కలిపే బల్బు) పెట్టండి, వెలిగి డిమ్ అయితే ఓకే, ఫుల్‌గా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, వెంటనే ఆపేయండి.