మొన్నటి చైనీస్ ట్రైనింగ్ గురించి

రాలేకపోయినవాళ్ల కోసం రాస్తున్నాను. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లలతో ఒక్కో చైనీస్ అక్షరాన్ని ఇరవైసార్లు దిద్దించడం కంటే, విడగొట్టి చూపించడం మేలు. ఉదాహరణకు 妈, అంటే 'మా', అంటే అమ్మ. ఎడమ పక్క ఆడమనిషి గుర్తు, అది అర్థం కోసం. కుడి పక్క గుర్రం, అది పలుకు కోసం. బెంగళూరు మారతహళ్లిలో నా దగ్గర నేర్చుకునే బాబు పళ్లెంలో రవ్వ మీద వేలితో ఇది రాసి, "గుర్రమెందుకు ఆంటీ, అమ్మ పరిగెడుతూనే ఉంటుందనా?" అన్నాడు. ఇక మర్చిపోతే ఒట్టు!

చైనీస్‌లో గొంతు ఎత్తి దించే తీరుని బట్టి మాట అర్థం మారుతుంది, ఆ 4 స్వరాలనూ చేత్తో గాల్లో గీయించండి. మూడోది లోయలా దిగి లేవాలి, అక్కడే అందరూ తడబడతారు, నేనూ అంతే.

పిన్‌యిన్‌కి, అంటే చైనీస్ పలుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి, తొందరొద్దు. ఇంగ్లిష్ చదవడానికే ఇబ్బంది పడే పిల్లలకు మళ్లీ అవే అక్షరాలంటే టెన్షన్.

తర్వాతి ట్రైనింగ్ ఆదివారం పదింటికి మా ఇంట్లోనే. పళ్లెం తెచ్చుకోండి, రవ్వ నేనిస్తా.