పది గుంటల పార్కు

హనుమకొండ
ఆదివారం పొద్దున

దోస్త్,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఎడిసన్‌లో మీ ఇంటి వెనక చెట్ల మధ్య నడక దారి బాగుంది, దాని మీద నీ పొట్ట ఇంకా బాగుంది. కానీ నేను ఎక్కువసేపు చూసింది నీ వెనకున్న చిన్న బోర్డుని. రెండు వేళ్లతో పెద్దది చేసి చదివాను. గ్రీన్ ఏకర్స్ నిధులతో కొన్న జాగ అని రాసి ఉంది. మా ఆవిడ తొంగి చూసి "అమెరికాలో కూడా శిలాఫలకాలు ఉంటాయా" అంది. ఉన్నాయి గానీ ఎమ్మెల్యే పేరు లేదు అన్నాను.

ఫోటోల కింద నువ్వు రాసిన ఒక్క ముక్క మాత్రం నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. "ఇక్కడ ఒకసారి పార్కయితే ఇక అంతేరా, ఎవడూ ముట్టడు." ఎందుకు ముట్టడు? అక్కడ మనుషులు కాదా, జాగ మీద ఆశ ఉండదా? సెలవుల్లో పని లేక కూర్చుని చదివాను. నీ ఊరి సంగతి నీకే చెబుతున్నాను, తిట్టుకోకు.

మీ న్యూజెర్సీలో పార్కులకు జాగలు కొనే ఆ గ్రీన్ ఏకర్స్ స్కీం 1961లో మొదలైంది. అప్పు తెచ్చి జాగలు కొందామా అని ప్రభుత్వం ఓటర్లను అడిగితే, సరే కొనండి అని జనమే ఓటేశారు. అది ఒక్కసారితో ఆగలేదు, ఎన్నోసార్లు అడిగారు, ఎన్నోసార్లు వేశారు. ఇది కాక మీ 21 కౌంటీల్లోనూ ఇంటి పన్నుతో పాటు ఖాళీ జాగల కోసం ఒక చిన్న పన్ను ఉంది. నీ పన్ను బిల్లు తీసి చూడు, ఇన్నేళ్లుగా నీకు తెలియకుండానే కడుతున్నావు. అయితే నాకు నచ్చింది పైసల సంగతి కాదు, పైసలతో వచ్చే షరతు. ఒక టౌన్ ఆ నిధులు తీసుకుంటే, తన దగ్గరున్న పార్కులన్నిటికీ లిస్టు రాసివ్వాలి. ఆ పైసలతో కొన్న ఒక్క పార్కుకే కాదు, లిస్టులో ఉన్న అన్నిటికీ కట్టుబాటు వర్తిస్తుంది. రేపు అందులో ఒక మూల తీసి వాటర్ ట్యాంకు కడతామన్నా రాష్ట్రం దాకా పోవాలి, బదులు జాగ చూపించాలి. పెళ్లికి ఒక్క పిల్లనిచ్చి ఇంటి తాళాలన్నీ తీసుకున్నట్టు!

ఢిల్లీ లెక్కన మీకు వాషింగ్టన్ నుంచి కూడా ఒక నిధి ఉంది కదా, 1965 నుంచి. సముద్రంలో తీసే చమురు, గ్యాస్ మీద వచ్చే రాయల్టీలోంచి ఇస్తారు. 2020లో చట్టం చేసి ఏడాదికి 90 కోట్ల డాలర్లు ఖాయం చేశారు. ఊళ్లకిచ్చే దాంట్లో సగం వాళ్లిస్తే సగం మనం పెట్టుకోవాలి. అక్కడా అదే షరతు: ఆ జాగ ఎప్పటికీ ఆటకీ నడకకీ ఉండాలి, తీసుకుంటే అంత విలువైన జాగ ఇంకోచోట ఇవ్వాలి. నడక దారులకు ఇంకో స్కీం ఉందట, అందులో ఊరి జనం చేసిన పనికి కూడా వెల కట్టి మన వాటా కింద లెక్కేసుకోవచ్చు. శ్రమదానానికి రసీదు! ఎన్నెస్సెస్ క్యాంపుల్లో మనం తవ్విన గుంతలకు లెక్క కడితే ఈపాటికి ఒక స్టేడియం వచ్చేది.

ఇక మా కాలనీ కథ విను. ఫోన్లో సగమే చెప్పాను.

మా లేఔట్ పంచాయతీ ఉన్నప్పటిది. తర్వాత సిటీలో కలిసింది. ప్లాటు కొన్నప్పుడు ఇచ్చిన బ్లూప్రింట్ నా బీరువాలోనే ఉంది, ఎనిమిది మడతలు, మడత మడతకీ చిరుగు. మధ్యలో ఆకుపచ్చ ఇంకుతో ఒక డబ్బా, అందులో "పార్కు" అని రాసి ఉంటుంది. 121 అడుగుల పొడవు, 90 అడుగుల వెడల్పు. అంటే 1,210 గజాలు, సరిగ్గా పది గుంటలు. ఇరవై ఏళ్లు ఆ పది గుంటల్లో పార్కు లేదు, బర్ల అత్తమ్మ ఉంది. నువ్వు చూశావు ఆమెను, మా గృహప్రవేశానికి వచ్చినప్పుడు. వేపచెట్టు కింద నాలుగు బర్లు, గోడకి పిడకలు, వాన పడితే ఆ వీధంతా వాసన. ఆ పాలే అందరం తాగాం, ఆ వాసన మీదే అందరం కంప్లైంట్లు పెట్టాం.

కాలనీ కమిటీకి నన్ను సెక్రటరీని చేశారు. టీచర్ కదా, అర్జీలు బాగా రాస్తాడని. మొదటి అర్జీ పార్కు గురించే. మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరు, ఏఈ సారు మంచోడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "పైసలకేం సార్, 2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలని ఉంది. గిఫ్ట్ డీడ్ తెచ్చారా?" అన్నాడు. ఏం గిఫ్ట్ డీడ్ అన్నాను. లేఔట్ వేసిన ఆసామి ఆ పది గుంటలు పంచాయతీ పేరు మీద రిజిస్టర్ చేసి ఇవ్వాలట. ఇవ్వలేదు. బ్లూప్రింట్ మీద పచ్చ ఇంకు ఉంది గానీ కాగితం మీద జాగ ఇంకా ఆయనదే. ఆయన పోయి పదేళ్లయింది. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ హైదరాబాద్‌లో, ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు.

రెండేళ్లు పట్టిందిరా ఆ మూడు సంతకాలకి. పెద్దాయన ఇస్తానంటే చిన్నాయన ఇవ్వడు, చిన్నాయన మెత్తబడేసరికి నడిపాయనకు ఆపరేషన్. ఈలోగా మేము ఒక తెలివైన పని చేశాం. పార్కు ఎలాగూ వస్తుంది కదా అని బర్ల అత్తమ్మను ఖాళీ చేయించాం. నేనే వెళ్లి చెప్పాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "జాగ ఖాళీ చేస్తే పార్కు రాదు బిడ్డా, గోడ వస్తది" అన్నది. రెండు బర్లు అమ్మేసింది, మిగతా రెండింటిని తోలుకుని వాగు అవతలికి పోయింది.

ఆ వానాకాలమే గోడ వచ్చింది. ఉత్తరం వైపు ప్లాటాయన కాంపౌండ్ కట్టాడు. పునాది తీసేటప్పుడు అందరం చూశాం, ఎవరికీ అనుమానం రాలేదు. డీడ్ చేతికొచ్చాక ఒక ఆదివారం టేపు పట్టుకుని దిగాం. నా టేపుకి మొదటి అడుగు ఊడిపోయింది, ఒకటి దగ్గర పట్టుకుని ఆఖర్లో ఒకటి తీసేయాలి. పక్కింటి పిల్లాడు ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో సున్నం పోసుకుంటూ మా ఆవిడ. పొడవు 121, సరిపోయింది. వెడల్పు 81. మళ్లీ కొలిచాం. 81. తొమ్మిది అడుగులు లేవు. నూట ఇరవై ఒక్క అడుగుల పొడవునా తొమ్మిదేసి అడుగులంటే ఎంతో చెప్పు? లెక్కల్లో నువ్వే కదా ఫస్టు. 121 గజాలు. సరిగ్గా ఒక గుంట, కొలిచి కోసుకున్నట్టు. ఆయన మేడ మీద నుంచి చూస్తూ "మీ టేపే తప్పు సార్" అన్నాడు. టేపు తప్పే, నిజమే, ఏం మాట్లాడతాం!

బర్లు కట్టేసిన ఇరవై ఏళ్లలో ఒక్క అంగుళం పోలేదు. అదీ నా కడుపుమంట.

పైసలు ఎక్కడి నుంచి తేవాలో అదొక పురాణం. మన భద్రకాళి బండ్ గుర్తుందా, ఇంటర్‌లో పుస్తకాలు పట్టుకుని పోయి ఒక్క పేజీ చదవకుండా వచ్చేవాళ్లం? ఇప్పుడు అక్కడ నడక దారి, లైట్లు, కూర్చోవడానికి బెంచీలు. అది హృదయ్ పైసలతో మొదలైన పని. 2015లో దేశం మొత్తంలో 12 పాత ఊళ్లకు 500 కోట్లు అన్నారు, కాశీ, పూరీ, అమృత్‌సర్ సరసన మన వరంగల్. ఖర్చంతా కేంద్రానిదే. 2019 మార్చితో ఆ స్కీం అయిపోయింది. తర్వాత పూడిక తీయడానికని 2024 నవంబర్‌లో చెరువునే ఖాళీ చేయడం మొదలుపెట్టారు. నీళ్లు లేని భద్రకాళి చూసి మా అవ్వ నోరు నొక్కుకుంది. పట్టణాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ అని ఇంకోటి, అందులో పార్కులకు రెండున్నర శాతం, మిగతాదాంట్లో చాలావరకు నీళ్లకీ డ్రైనేజీకే. నగర వనం అని 2020లో వచ్చింది, హెక్టారుకు 4 లక్షలిస్తారు. బాగుందని ఆశపడితే, అందులో చిన్న రకానికి కూడా కనీసం ఒక హెక్టారు ఉండాలి. హెక్టారంటే దగ్గరదగ్గర రెండున్నర ఎకరాలు. మాది పావెకరం, అందులోనూ ఒక గుంట మేడాయన మింగాడు. ఇక మొక్కల కోసం మన రాష్ట్రం పెట్టిన హరిత నిధి. దానికి నా జీతంలోంచి నెలకి 25 రూపాయలు, ఎమ్మెల్యేల జీతంలోంచి 500, రిజిస్ట్రేషన్‌కి 50. పే స్లిప్పు తీసుకెళ్లి ఏఈ సారుకి చూపించాను, ఇందులోంచి ఒక మొక్క అయినా ఇవ్వండి అని. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను.

చివరికి ఆ పది శాతంలోంచే ఎస్టిమేట్ వేశారు. చూస్తే గేటు, ఆర్చి, పేవర్ బ్లాకులు, ఓపెన్ జిమ్, గొడుగు లాంటి మంటపం. కాలనీ ఆడవాళ్లు వచ్చి మధ్యలో మట్టినేల అలాగే ఉంచండి, బతుకమ్మ ఆడాలి అన్నారు. బ్లాకుల మీద బతుకమ్మలు పెట్టి తిరిగితే కాళ్లు కాలతాయి, అలుకు చల్లడానికి ఉండదు. న్యాయమే కదా. ఏఈ సారు తల గోక్కున్నాడు. "ఖాళీ జాగకి ఐటం లేదమ్మా" అన్నాడు. నిజంగానే లేదురా. ప్రతి పనికీ రేటు ఉంది, ఏమీ చేయకుండా వదిలేయడానికి రేటు లేదు. ఏం చేశాడో తెలుసా, మధ్యలో నలభై అడుగులు "లాన్" అని రాశాడు. గడ్డి వేశారు. ఎండాకాలం నీళ్లు లేక గడ్డి దానంతటదే పోయింది. సద్దుల బతుకమ్మ నాటికి శుభ్రమైన మట్టినేల. దీనికి ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు.

ఓపెన్ జిమ్ సంగతి వద్దులే. గాల్లో నడిచే మిషన్‌కి ఒక పెడల్ ఊడింది, ఎవరో నైలాన్ తాడుతో కట్టారు. పెట్టడానికి పైసలు ఉన్నాయి, బోల్టుకి లేవు. బోరు కరెంటుకీ ఊడ్చే ఆమెకీ ఇంటికి నెలకి వంద చొప్పున నేనే తిరిగి వసూలు చేస్తున్నాను. జిమ్ వాడేవాళ్లు ఇవ్వరు, మోకాళ్ల నొప్పుల ముసలాళ్లు ముందే ఇస్తారు.

మా పల్లెలోనూ ఇదే తంతు. పల్లె ప్రగతిలో ప్రకృతి వనం పెట్టారు, ఉపాధి హామీ పైసలతో మొక్కలు నాటారు, పంచాయతీ ట్రాక్టర్‌తో నీళ్లు పోశారు. 2024 జనవరి ఆఖరుకి సర్పంచుల గడువు అయిపోయింది. గెలిచిన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం పైసలు రావు. మొక్కకి ఎలక్షన్ ఎప్పుడో తెలియదు కదా, ఎండిపోయేవి ఎండిపోయాయి. కానుగలు మాత్రం మొండివి, బతికాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను, ఈ ఉత్తరం అందుకే. ఊరి బయట రోడ్డు పక్కన నీ రెండు వందల గజాల ప్లాటు ఉంది చూడు, దానికి ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఔట్ ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే స్కీం ఫీజు, కట్టమని మెసేజ్ వచ్చింది. 2020లో వెయ్యి రూపాయలు కట్టి నీ పేరు మీద నేనే అప్లై చేశాను, గుర్తుందా? రెగ్యులరైజేషన్ చార్జీ కాక, ప్లాటు విలువలో 14 శాతం ఇంకోటి ఉంది. అదేంటో తెలుసా? ఓపెన్ స్పేస్ చార్జీ. ఆ లేఔట్‌లో పార్కు వదల్లేదు కాబట్టి పార్కు బదులు పైసలు. నేను వెళ్లి చూసొచ్చాను, నిజంగానే అంతా ప్లాట్లే, మొక్క నాటడానికి మూల కూడా లేదు. నువ్వు అక్కడ నడిచేది ఒకరు కాపాడిన జాగ, ఇక్కడ కొన్నది పార్కు మింగిన జాగ. అనకూడదు గానీ అనేశాను. కొనిపించింది నేనే కదా, అందులో సగం తిట్టు నాకే.

కట్టాలా వద్దా చెప్పు. కట్టకపోతే ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదు, అమ్మడమూ కష్టమే. కడితే మాత్రం ఆ పైసలు ఏ పార్కుకి పోతాయో అడుగుతూ ఒక అర్జీ నీ పేరు మీద నేనే రాస్తాను, సంతకం స్కాన్ చేసి పంపు.

ఇంకో పని. ఆ బోర్డు ఫోటో దగ్గరగా మళ్లీ తీసి పంపు, చిన్న అక్షరాలు కనబడేలా. మా పార్కు గేటుకి "ఈ జాగ పొడవు 121 అడుగులు, వెడల్పు 90 అడుగులు" అని పెద్దగా రాయించి పెడదామనుకుంటున్నాను. మేడాయన మీద ఇచ్చిన కంప్లైంట్ సర్వేయర్ దగ్గర ఉంది. వచ్చే వారం కొలతకి వస్తామన్నారు. కొత్త టేపు కొన్నాను.

బాపు బాగున్నాడు, నిన్ను అడిగాడు. అవ్వ సకినాలు చేసింది, చుట్టాలెవరైనా వస్తుంటే పంపుతాను. చెల్లెమ్మకీ పిల్లలకీ అడిగానని చెప్పు.

నీ
దోస్త్

తా.క. బర్ల అత్తమ్మ నిన్న కనబడింది. పార్కు చూడడానికి రమ్మన్నాను. "గేటు ఎన్ని గంటలకు తీస్తరు?" అని అడిగింది.