ఫిర్యాదు: డ్రాఫ్ట్ కిట్‌లో ‘ఇన్సూరెన్స్’ ట్యాగ్ తప్పుదారి పట్టిస్తోంది

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

డాలస్‌లో కొందరం, హైదరాబాద్‌లో కొందరం కలిసి మీ యాప్‌లో 12 జట్ల ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లోని నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు లెక్కేసే పోటీ) ఆడుతున్నాం. వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు సాయంగా డబ్బు కట్టి తీసుకున్న డ్రాఫ్ట్ కిట్‌లో, ఎవరైనా రన్నింగ్ బ్యాక్‌ను (బంతితో పరుగెత్తే ఆటగాణ్ణి) ఎంచుకోగానే అతని బ్యాకప్ (అతను ఆడలేకపోతే బదులు దిగేవాడి) పేరు పక్కన ‘ఇన్సూరెన్స్’ అనే ట్యాగ్ వెలుగుతుంది. ఈ ఫిర్యాదు ఆ ట్యాగ్ గురించే.

టీమ్‌లు ప్రీసీజన్‌లో విడుదల చేసే డెప్త్ చార్ట్‌లో (ఒక్కో స్థానానికి ఎవరి తర్వాత ఎవరు అనే వరుసలో) రెండో పేరు ఎవరిదైతే వాళ్లకు ట్యాగ్ తగిలించేస్తున్నారు. ఆ చార్ట్ మీద ‘అనధికారికం’ అని చాలా టీమ్‌లు వాళ్లంతట వాళ్లే రాసుకుంటాయి. ఆ రెండో పేరు ఒక్కోసారి థర్డ్ డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోదాంట్లో) పాస్‌లు పట్టడానికి దిగేవాడిది. స్టార్టర్ (మొదటి పేరువాడు) గాయపడ్డా ఆ రెండోవాడి పని అదే. మొదటి రెండు డౌన్ల క్యారీలు (బంతితో పరుగెత్తే అవకాశాలు), గోల్ లైన్ దగ్గరి బంతి మూడో పేరుకు పోతాయి. ట్యాగ్ నమ్మి తీసుకున్నవాడికి దండగ అయ్యేది ఒక బెంచ్ స్థానం.

2024నే చూడండి. శాన్ ఫ్రాన్సిస్కో టీమ్‌లో స్టార్టర్ క్రిస్టియన్ మెకాఫ్రీ తర్వాత ఎలైజా మిచెల్ అనుకున్నారంతా. ఆగస్టు చివర్లో మిచెల్ ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లోకి (గాయపడి ఆడలేనివాళ్ల జాబితాలోకి) వెళ్లిపోయాడు. సెప్టెంబర్ 9, సోమవారం రాత్రి న్యూయార్క్ జెట్స్ టీమ్‌తో మ్యాచ్. మొదలవడానికి గంటన్నర ముందు వచ్చిన ఇనాక్టివ్ జాబితాలో (ఆ మ్యాచ్ ఆడనివాళ్ల జాబితాలో) మెకాఫ్రీ పేరుంది. అప్పటికి ఆ వారం మిగతా మ్యాచ్‌లన్నీ అయిపోయాయి, మా బెంచ్ మీదున్న వాళ్లంతా ఇక మార్చే వీల్లేకుండా లాక్ అయిపోయారు. ఆ రాత్రి జోర్డన్ మేసన్ 28 క్యారీలతో 147 గజాలు పరుగెత్తి ఒక టచ్‌డౌన్ కూడా చేశాడు. బ్యాకప్ అక్కరకొచ్చేది సరిగ్గా ఇలాంటి రాత్రే. ఆగస్టు ఆరంభంలో వేసి వదిలేసిన ట్యాగ్‌తో అది కుదరదు.

సరైన పేరు మీద పడ్డ ట్యాగ్‌కైనా పూర్తి హామీ లేదు, ఆ సంగతి మీ కిట్ ఎక్కడా చెప్పదు. 2023 రెండో వారంలో పిట్స్‌బర్గ్‌లో క్లీవ్‌లాండ్ స్టార్టర్ నిక్ చబ్ మోకాలు దెబ్బతింది. అతని బ్యాకప్ జెరోమ్ ఫోర్డ్ దొరికినవాళ్లు సంబరపడ్డారు. అదే వారం క్లీవ్‌లాండ్ కరీమ్ హంట్‌ను తిరిగి పిలిపించింది. డ్రాఫ్ట్ నాటికి ఏ టీమ్‌లోనూ లేని హంట్ ఆ సీజన్‌లో 9 రన్నింగ్ టచ్‌డౌన్‌లు చేశాడు.

డేవిడ్ మాంట్‌గోమరీ డెట్రాయిట్‌లో ఉన్నప్పుడు అతనికి కూడా ఇదే ట్యాగ్ వేయడం మరీ విడ్డూరం. జమీర్ గిబ్స్‌తో పని పంచుకుని అప్పట్లో వారం వారం స్టార్ట్ చేయదగ్గ (మన జట్టులో ఆడించదగ్గ) ఆటగాడతను. గిబ్స్ బాగున్నా పాయింట్లు తెచ్చేవాడు. అలాంటివాణ్ణి ఇన్సూరెన్స్ అంటే కొత్తవాళ్లు తీసుకెళ్లి బెంచ్ మీద కూర్చోబెడతారు.

ఇక యాప్ ఇచ్చే సూచనలు. స్టార్టర్‌ను తీసుకున్నామంటే చాలు, ‘బ్యాకప్‌ను మర్చిపోకండి’ అని ఎనిమిదో రౌండ్‌లోనే యాప్ వెంటపడుతుంది. 15 రౌండ్ల డ్రాఫ్ట్‌లో, ఆరే బెంచ్ స్థానాలున్నప్పుడు, ఆ పని 12వ రౌండ్ దాటాక చేయాలి, అదీ ఒక్కరితో సరిపెట్టాలి. అసలు మీ స్టార్టర్ బ్యాకప్ మిమ్మల్ని ఉన్నచోట నిలబెడతాడంతే. ఎదుటివాడి స్టార్టర్ బ్యాకప్ మీ చేతిలో ఉంటే, ఆ స్టార్టర్ గాయపడిన రోజు ఎదుటివాడికి తరుగు, మీకు పెరుగు. ఈ రెండో లెక్క మీ కిట్‌లో మచ్చుకైనా లేదు.

వెయివర్ సెట్టింగ్‌తో ఇంకో చిక్కు. ఆదివారం మొదటి మ్యాచ్ మొదలవగానే ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్లందరూ వెయివర్‌లోకి (వెంటనే తీసుకునే వీల్లేని, అడిగి ఆగాల్సిన జాబితాలోకి) వెళ్లేలా మీ డిఫాల్ట్ ఉంది. దాంతో సోమవారం ఇనాక్టివ్ జాబితా వచ్చాక బ్యాకప్ ఎదురుగా కనిపిస్తున్నా బుధవారం దాకా తీసుకోలేం. డ్రాఫ్ట్ గదిలో ఆ ముక్క చెబితే బ్యాకప్‌కు ఎంత విలువివ్వాలో ముందే తెలుస్తుంది. పైగా ఇనాక్టివ్ అలర్ట్ ఆలస్యంగా వస్తోంది. అమెరికా తూర్పు ప్రాంతపు సమయంలో సోమవారం రాత్రి ఎనిమిదింబావు మ్యాచ్ అంటే సెప్టెంబరులో హైదరాబాద్‌లో మంగళవారం తెల్లవారుజామున 5:45. జాబితా 4:15కే వచ్చేస్తుంది. అలారం పెట్టుకుని లేచినవాళ్లకు కూడా మీ అలర్ట్ మ్యాచ్ మొదలయ్యాకే మోగుతోంది.

కాబట్టి ట్యాగ్‌ను ప్రీసీజన్ మ్యాచ్‌లలో ఫస్ట్ టీమ్‌తో (అసలు స్టార్టర్లతో) ఆడిన స్నాప్‌లను (ఎన్నిసార్లు బరిలో దిగాడో దాన్ని) బట్టి వేయండి. టీమ్‌లు రోస్టర్‌ను (ఆటగాళ్ల జాబితాను) 53 మందికి కుదించిన రోజున తప్పనిసరిగా సరిచూడండి. పని పంచుకునే జంటలకు వేరే గుర్తు పెట్టండి. ఎనిమిదో రౌండ్ సూచనను ఆపేసే మీట ఇవ్వండి. ఈ సీజన్ కిట్‌కు మేం కట్టిన సొమ్ము వాపసు చేయండి. రసీదు, ట్యాగ్‌ల స్క్రీన్‌షాట్‌లు జతపరిచాం. పది పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
లీగ్ సభ్యులు