మనుషుల్ని కాదు, మిషన్లను చూడండి: కేంద్ర కార్మిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా తమ్ముడు పనిచేసే షెడ్డులో మిషన్ల భద్రత గురించి పంపిన అర్జీలకు జవాబు లేదు. ఇక్కడి అధికారులను కలిసిన ప్రతిసారీ ఒకటే మాట: "మీరు చెప్పే షెడ్డు ఫ్యాక్టరీ కిందికి రాదు." అందుకే ఇప్పుడు అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

మా తమ్ముడు పనిచేసే షెడ్డులో ఉన్నది 14 మంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో మిషన్లు నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. దాని స్థానంలో తెచ్చిన కొత్త చట్టం, అంటే 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో దాన్ని 20 చేశారు. కరెంటు లేని చోట 20 ఉన్నది 40 అయింది. 2025 నవంబరు 21న కోడ్ అమల్లోకి వచ్చింది. షెడ్డులో ఒక్క బోల్టు మారలేదు, అది మాత్రం ఫ్యాక్టరీ కాకుండా పోయింది.

ఆ తర్వాతే మా తమ్ముడి కుడిచేతి రెండు వేళ్లు పవర్ ప్రెస్ (రేకును అచ్చులో పెట్టి గట్టిగా కొట్టి పార్టులు తీసే మిషన్) కింద పోయాయి.

ఎలా పోయాయో దయచేసి వినండి. ఆ ప్రెస్‌కు రెండు బటన్లున్నాయి. రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే ర్యామ్, అంటే పైనుంచి కొట్టే భాగం దిగాలి, అప్పుడు చేతులు డై (కింది అచ్చు) దగ్గరికి వెళ్లే వీలుండదు. కానీ అలా చేస్తే టార్గెట్ పీసులు రావడం లేదని బటన్లను బైపాస్ చేసి, కాలితో తొక్కే పెడల్ పెట్టారు. ముందుండే గార్డు విప్పి గోడకు ఆనించారు. ఇక ఒక చేత్తో షీటు పెట్టాలి, ఇంకో చేత్తో పీసు తీయాలి, కాలు ఆడిస్తూనే ఉండాలి. షిఫ్టు చివరికి ఒళ్లు అలిసిపోతుంది, చెయ్యి బయటికి రాకముందే కాలు పడుతుంది. క్లచ్ అరిగిన ప్రెస్ అయితే తొక్కకుండానే రెండో దెబ్బ కూడా వేస్తుంది. దీన్ని యాక్సిడెంట్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఓనరు ఆస్పత్రి బిల్లు కట్టి, "చూసుకుని చేయాల్సింది" అన్నాడు. రిపోర్టు ఎక్కడికీ వెళ్లలేదు. రేపు మీ శాఖ ప్రమాదాల లెక్క తీస్తే అందులో ఈ రెండు వేళ్లు ఉండవు.

కోడ్‌లో ఎక్కడ చూసినా తలల లెక్కే. సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే 500 మంది ఉండాలి, ప్రమాదకరమైన ఫ్యాక్టరీ అయితే 250. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలకు 20 ఉన్నది 50 చేశారు. ఒకే కాంపౌండ్‌లో రెండు పేర్లతో రెండు బోర్డులు పెట్టి మస్టరును (కార్మికుల హాజరు పట్టీని) చీల్చడం మా దగ్గర అందరికీ తెలిసిన పనే. 10 మంది ఉన్న సంస్థకు కూడా యజమాని బాధ్యతలు కొన్ని రాశారు, సంతోషం. వచ్చి చూసేదెవరు సార్?

చిన్న ఓనరు మీద పగతో రాయడం లేదు. ఆయన్ని సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టమనడం లేదు, గార్డు బిగించమంటున్నాను. ఆయన పార్టులు కొనే పెద్ద కంపెనీ కొలతలో చిన్న తేడా వస్తే లాటు మొత్తం వెనక్కి పంపుతుంది. వాళ్ల మనుషులు ఆడిట్‌కు వచ్చి గేజీలు పెట్టి చూసి వెళ్తారు. పక్కనే గోడకు ఆనించిన గార్డును అడగరు. వాళ్లనూ బాధ్యుల్ని చేయండి.

ప్రాణాల మీదికి తెచ్చే పని అయితే ఒక్క కార్మికుడున్నా కోడ్‌ను వర్తింపజేసే అధికారం కేంద్రానికి ఉందని మీ ప్రభుత్వమే చెప్పింది. ఆ అధికారం వాడి నోటిఫికేషన్ ఇవ్వండి. పవర్ ప్రెస్ ఉన్న ప్రతి షెడ్డునూ, ఎంతమంది ఉన్నా సరే, ఆ నోటిఫికేషన్‌లో చేర్చండి. వేలు పోయినా రిపోర్టు తప్పనిసరి చేయండి. మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాననుకోండి.

ఇవన్నీ అయ్యేసరికి టైం పడుతుందని తెలుసు. ఈలోగా ఆ షెడ్డుకు ఒక్క అధికారిని పంపించండి. మా తమ్ముడి స్థానంలో ఇంకో కుర్రాణ్ని పెట్టారు. ప్రెస్ అదే పెడల్‌తో నడుస్తోంది, గార్డు ఇంకా బిగించలేదు.

ఇట్లు,
ఒక లేత్ ఆపరేటర్