అమ్మకి, యార్మత్ రేవు నుంచి

యార్మత్, నోవా స్కోషియా, కెనడా
డిసెంబరు 14

అమ్మా,

మొన్న ఫోన్లో నీ మీద గొంతు పెంచాను. పెట్టేశాక ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మళ్లీ ఫోన్ చేస్తే అదే వాదన మొదలవుతుందని రాస్తున్నాను. నాన్నకి నువ్వే చదివి వినిపించు, కళ్లద్దాలు ఇంకా మార్చుకోలేదని చెల్లి చెప్పింది.

నువ్వు చూసిన వీడియో నేనే పెట్టాను. చిన్నత్త ఫోన్లో చూసి తెలుసుకోవాల్సి వచ్చిందని నీ బాధ, అది నా తప్పే. లాబ్‌స్టర్ల కంపెనీలో పని అన్నాను (అవే, పెద్ద రొయ్యల్లాంటివి), కానీ పడవ మీద వాటిని పట్టే పని అని చెప్పలేదు. చెబితే నీకు టెన్షన్ అని ఆగాను, ఇదిగో అదిగో అంటూ ఏడాది గడిచిపోయింది.

ఆ వీడియోలో పడవ మీద కొండలా పేర్చినవి లాబ్‌స్టర్ బోన్లు. నవంబరు చివరి సోమవారం ఇక్కడ సీజన్ మొదలవుతుంది, దాన్ని డంపింగ్ డే అంటారు. మా వైపు ఒక్కో లైసెన్సుకి 375 బోన్ల దాకా వేసుకోవచ్చు. తెల్లవారుతూనే పడవలన్నీ వాటిని నింపుకుని ఒకేసారి బయల్దేరతాయి, ఆ బరువుకి పడవ కుంగినట్టే కనిపిస్తుంది. నిజమే, మాకు అన్నిటికంటే ప్రమాదమైన రోజు అది, నీ కంటపడింది కూడా అదే. కానీ గాలి ఎక్కువగా ఉందంటే తేదీనే వాయిదా వేస్తారమ్మా. కోస్ట్ గార్డ్ పడవలు, హెలికాప్టర్లు ఆ రోజు సిద్ధంగా ఉంటాయి. ఆ తర్వాత మే 31 దాకా వేసిన బోన్లు లాగడం, ఎర మార్చడం, మళ్లీ నీళ్లలోకి దించడం, అంతే.

నువ్వు అడిగిన మాటకి ఫోన్లో జవాబు చెప్పలేదు. "తాడు కాలికి చుట్టుకుంటే?" అన్నావు. పడవ ఎప్పుడూ ఎక్కకపోయినా అసలు భయం ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నావు. బోన్లు వరసగా ఒకే తాడుకి కట్టి ఉంటాయి, మొదటివి నీళ్లలో పడ్డాక మిగతా తాడు వేగంగా జారిపోతుంది, ఆ సమయంలో దాని దగ్గర కాలు పెట్టకూడదు. లైఫ్ జాకెట్ లేకపోతే కెప్టెన్ డెక్ మీదకే రానివ్వడు. నా జాకెట్‌కి చిన్న కత్తి కూడా ఉంటుంది, అవసరమైతే తాడు కోసుకోవడానికి. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని పని చేస్తానేమో అని అడిగావట చెల్లిని. లేదమ్మా, కెమెరా క్యాబిన్ పైన బిగించి ఉంటుంది, పొద్దున ఆన్ చేస్తే మళ్లీ ఒడ్డుకి వచ్చాకే ముట్టుకుంటాను. కెప్టెన్ పెట్టిన షరతు ఒక్కటే, బోన్లు ఎక్కడ వేశామో చూపించే తెర వీడియోలో పడకూడదు.

అంత చదువు చదివి చివరికి ఇదా అని పెదమామయ్య అన్నాడట. నేను సిగ్గుపడితే వీడియోలు పెట్టేవాణ్ణా? ఒళ్లు నొప్పులుంటాయి, చలికి వేళ్లు బిగుసుకుపోతాయి, అది నిజం. కానీ ఆఫీసులో కూర్చున్న ఆ రెండేళ్లలో ఇంత హాయిగా నిద్రపోయిన రోజు లేదు. ఆయనతో నువ్వు వాదించకు.

నువ్వు చూడాల్సింది ఇంకో వీడియో, చెల్లిని పెట్టమను. బోను పైకి లాగితే ఒక తల్లి లాబ్‌స్టర్ వచ్చింది. తోక కింద అంతా గుడ్లు, ఆవగింజలంతవి, నల్లగా, గుత్తులుగా. అరకిలో ఉన్న తల్లికే పది వేల దాకా ఉంటాయట. తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా కూడా అలా మోస్తూనే తిరుగుతుంది. గుడ్లున్నదాన్ని ఉంచుకోకూడదని ఇక్కడ చట్టం. చట్టం లేకపోయినా నేను ఉంచుకోలేను. రెండు చేతులతో పట్టుకుని నీళ్లకి దగ్గరగా వంగి వదిలాను. వదులుతుంటే నువ్వే గుర్తొచ్చావు, ఎందుకో చెప్పలేను. నేను పెట్టినవాటిలో జనం ఎక్కువగా చూసింది అదే. పట్టుకున్నదాన్ని పారేస్తారేంటని చాలామంది అడిగారు, ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు రాశాను. లాబ్‌స్టర్ ఎర్రగా లేదేంటని అడిగినవాళ్లూ ఉన్నారు. ప్రాణంతో ఉన్నప్పుడు అది ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు కలిసినట్టు ఉంటుంది, ఉడికాకే ఎరుపు.

మన దగ్గర వలలు వేసే ఒకాయన తెలుగులో పెద్ద మెసేజ్ పెట్టాడు. చిన్నవాటిని ఎలా వేరు చేస్తారని అడిగాడు. కొలబద్ద చూపిస్తూ ఇంకో వీడియో చేశాను, కంటి గుంట నుంచి వీపు డిప్ప చివరిదాకా 82.5 మిల్లీమీటర్లు లేకపోతే తిరిగి సముద్రంలోకే. బోనుకి సన్నటి సందు ఉంటుంది, మరీ చిన్నవి దాంట్లోంచి వాటంతట అవే వెళ్లిపోతాయి. అదీ చూపించాను. ఆ రోజు చాలా సంతోషంగా అనిపించింది అమ్మా, ఇక్కడ పడవ మీద నాతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు కదా.

వీడియోలు తీసేయమన్నావు. తీయను, కోపం తెచ్చుకోకు. ఇకమీదట ఏది పెట్టినా ముందు నీకే పంపిస్తాను, ఎవరి ఫోన్లోనో చూడక్కర్లేదు.

నీ మోకాలు ఎలా ఉంది? డాక్టర్ దగ్గరికి వెళ్లావా లేదా, చెల్లి ఏదో దాస్తోంది.

రేపు గాలి ఎక్కువగా ఉంటుందని కెప్టెన్ చెప్పాడు, పడవ కదలదు. మీకు తెల్లవారేసరికి ఫోన్ చేస్తాను. నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

నీ చిన్నోడు