కారుకు ఫాస్టాగ్ ఉంది, కేస్ షీటుకేది?

సంపాదకుల వారికి,

2021 ఫిబ్రవరి నుంచి కార్లకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, అందులో ఉన్నది రేడియో తరంగాలతో దూరం నుంచే చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగే. అదే ట్యాగ్‌ని ప్రభుత్వాసుపత్రుల రికార్డు రూముల్లో ఎందుకు వాడరో నాకు అర్థం కాదు. మా అత్తగారి పాత ఆపరేషన్ కేస్ షీటు కోసం ఒక పెద్దాసుపత్రికి వెళ్తే రిజిస్టర్‌లో నంబరుంది, ర్యాకులో ఫైలు లేదు. తాడేసి కట్టిన కట్టలు కిటికీ మూసుకుపోయేలా పేర్చారు. అటెండరు పాపం స్టూలెక్కి ఒక్కో కట్టా దించి దుమ్ము దులిపి చూసి, చివరికి "రేపొకసారి రండమ్మా" అన్నాడు. ఫైలు పోయిందని మాత్రం ఎవరూ రాసివ్వరు.

ఇప్పుడు ఎవర్నడిగినా ఆభా నంబరు, అంటే మన ఆరోగ్య రికార్డులకు కేంద్రం ఇచ్చే ఖాతా నంబరు, తీసుకోండి అంటున్నారు. 14 అంకెల ఆ నంబరు మంచిదే, కాదనను, కానీ పాత కాగితాలు వాటంతటవే కంప్యూటర్లోకి ఎక్కవు కదా! అట్టకు ట్యాగ్ అంటిస్తే చేతి రీడర్ పట్టుకుని ర్యాకుల పక్కన నడిస్తే చాలు, ఫైలు ఎక్కడుందో తెలుస్తుంది. బార్‌కోడ్‌కైతే ప్రతి ఫైలూ బయటికి లాగి గీతలు కనబడేలా పెట్టాలి. ట్యాగ్‌కి బ్యాటరీ కూడా అక్కర్లేదు, రీడర్ పంపే తరంగాలే దానికి కరెంటు. ఇనుప ర్యాకుల దగ్గర సిగ్నల్ సరిగా అందదు, అది ముందే చూసుకోవాలి.

పేషెంటు చేతికి కట్టే పట్టీలోనూ పెట్టొచ్చు. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మిలుంటే రక్తం ఎక్కించే ముందు నర్సుకుండే టెన్షన్ కొంత తగ్గుతుంది.

అయితే ట్యాగ్‌లో నంబరు తప్ప జబ్బు పేరు, ఫోన్ నంబరు లాంటివేవీ రాయకూడదు, రీడరున్న ఎవడైనా చదివేస్తాడు. ఐసీయూ జోలికి తొందరపడి వెళ్లొద్దు కూడా. 2008లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు, పేషెంట్లకు తగిలించకుండానే, 41 వైద్య పరికరాల దగ్గర ఆర్‌ఎఫ్‌ఐడీని పెట్టి చూస్తే 123 పరీక్షల్లో 34 సార్లు వాటి పనితీరు తేడా కొట్టింది. అమెరికాలో 2004లో చర్మం కింద పెట్టే చిప్‌కే అనుమతిచ్చారు, జనం పెద్దగా పట్టించుకోలేదు, మనకా పిచ్చి అసలే వద్దు.

ముందు ఏదో ఒక బోధనాసుపత్రి రికార్డు రూములో మొదలుపెట్టండి. టెండరుతో పాటు అక్కడ ఖాళీగా ఉన్న పోస్టులూ నింపండి, ట్యాగ్ చూపించిన ఫైలుని కిందికి దించడానికి మనిషి ఉండాలిగా.

— ఒక పాఠకురాలు, గుంటూరు